మన సాంబ్రాణి, వీళ్ళ లుబాన్: ఒక మోకాలి మందు చరిత్ర

ఉగాది ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నేను స్టోర్‌కీపర్‌ని, రచయితను కాను" అని తప్పించుకోబోయాను. "చరిత్ర పుస్తకాలు తెగ చదువుతారు కదా, అందులోంచే ఏదో ఒకటి రాయండి" అని పట్టుబట్టారు. వేపపువ్వు లేని ఉగాది పచ్చడి ఉండదు. అందుచేత నా జీవితంలోని ఒక చేదు సంగతితో మొదలుపెట్టి, దాని వెంట పోగా పోగా నాకు తెలిసిన చరిత్రను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

నేను ఏలూరు దగ్గరి పల్లెటూరి నుంచి ఫుజైరాకు వచ్చింది 1994లో. కొండలను చీల్చుకుని దుబాయి నుంచి నేరుగా వచ్చే ఇప్పటి పెద్ద రోడ్డు ఆ తర్వాత చాలా ఏళ్ళకు గాని రాలేదు. అప్పట్లో ధైద్, మసాఫీల మీదుగా చుట్టు తిరిగి రావలసిందే. మా క్యాంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. తాపీ పని. పేరు రాయను గాని, మేమందరం ఆయన్ని "అన్నా" అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళు సిమెంటు బస్తాలు మోసి, గొంతుకూర్చుని గచ్చులు చేసి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. రాత్రి పూట గుడ్డ చుట్టుకుని మూలిగేవారు.

1998లో నేను సెలవు మీద ఊరికి వెళుతుంటే చేతిలో డబ్బు పెట్టి, "తమ్మీ, మీ దిక్కు మోకాళ్ళ నొప్పులకు చెట్లమందు మంచిగ దొరుకుతదట, జర తెచ్చిపెట్టు" అన్నారు. తెచ్చాను. పేరూ లేబులూ లేని పొట్లాలు. "అంతా మూలికలే" అని అమ్మినవాడు చెబితే నమ్మాను. మూడో రోజుకే అన్న నొప్పి మాయమైంది. ఆయన నన్ను దేవుడిలా చూశారు. తర్వాత సెలవు మీద వెళ్ళివచ్చే ప్రతివాడి చేతా అవే పొట్లాలు తెప్పించుకున్నారు. "రోజూ వేసుకోవచ్చా అన్నా?" అని అడిగితే, "ఏం గాదు తమ్మీ, చెట్ల మందేనాయె" అనేవారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆయన ముఖం గుండ్రంగా ఉబ్బింది. షుగరు వచ్చింది. చేతులు, కాళ్ళు సన్నబడ్డాయి. ఒక రాత్రి కింద కూర్చుని భోంచేసి లేవబోతే లేవలేకపోయారు. మోకాలి నొప్పి లేదు, కాని తొడల్లో సత్తువ లేదు! ఇద్దరం చెరో రెక్క పట్టి లేపాం. డాక్టరు పరీక్షలు చేయించి, "ఇది మూలికల పని కాదు. పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. తొడ కండ కరిగిపోయింది" అన్నాడు. తెచ్చి ఇచ్చినవాణ్ణి నేనే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అసలు మోకాళ్ళకు పనిచేసే చెట్టు మందంటూ ఒకటి ఉందా, లేక అంతా మాయేనా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దానికి సమాధానం వెతుకుతూ పోతే ఒమన్ కొండల నుంచి మా ఏలూరు దాకా దారి కనిపించింది.

పాలలాంటి బంక

ఫుజైరా పాత బజారులో ఒక ఒమనీ ముసలాయన దుకాణం ఉండేది. తేనె, ఖర్జూరం, ధూపం వేసే మట్టి మబ్‌ఖరాలు, గోనెల నిండా లుబాన్. నేను వచ్చీరాని హిందీలో మోకాలి నొప్పుల సంగతి అడిగితే, తన మోకాలు తట్టుకుని "రుక్బా, రుక్బా" అని, లేత ఆకుపచ్చ లుబాన్ గుళికలు రెండు తీసి, రాత్రి నీళ్ళలో వేసి పొద్దున తాగమని చేతితో చూపించాడు. ఒమన్‌లోనూ ఈ కొండ ప్రాంతాల్లోనూ అది ఇంటింటి అలవాటు. అన్నిటికన్నా మేలు రకాన్ని హోజరీ అంటారు. అది ఒమన్ దక్షిణాన ధోఫార్ కొండల సరుకు.

లుబాన్ అనే మాట మనకు కొత్తేమీ కాదు. క్యాంపులో మధ్యాహ్నం మనం తాగే మజ్జిగ ప్యాకెట్టు మీద ఉండే 'లబన్', ఈ 'లుబాన్' ఒకే ధాతువు నుంచి పుట్టాయి. తెలుపు, పాలు అని అర్థం. చెట్టు బెరడును చిన్న ఉలితో గీరితే పాలచుక్కల్లా కారి, గాలికి గట్టిపడి ముత్యాల్లా తయారవుతుంది. అందుకే ఆ పేరు.

మన సాంబ్రాణీ ఇదీ ఒకటేనా? ఇక్కడే చాలామంది పొరబడతారు. పసిపిల్లలకు తలంటి పోశాక మన అమ్మలు పొగ వేసే బజారు సాంబ్రాణి ఎక్కువగా సుమత్రా, జావా వైపు పెరిగే వేరే చెట్టు బంక. అరబ్బు వర్తకులు దాన్ని 'లుబాన్ జావీ', అంటే జావా లుబాన్ అన్నారు. ఐరోపావారి నోట్లో పడి అదే 'బెంజాయిన్' అయింది. వాసనలో బంధువులే గాని చెట్లు వేరు. ధోఫార్ లుబాన్‌కు సొంత దాయాది చెట్టు మన అడవుల్లోనే ఉంది. సంస్కృతంలో శల్లకి, తెలుగులో అందుగు. దాని బంకను పరంగి సాంబ్రాణి అంటారు. నల్లమల వంటి ఎండు అడవుల్లో, రాతి గుట్టల మీద, కాగితంలా పొరలు పొరలుగా ఊడే బెరడుతో కనిపిస్తుంది. ఏనుగులు ఇష్టంగా తింటాయని దానికి గజభక్ష్య అని మరో పేరు. చరక, సుశ్రుత సంహితల్లో శల్లకి ప్రస్తావన ఉంది. ఇంత చరిత్ర ఉన్న చెట్టును స్వాతంత్ర్యం వచ్చాక మనం ఎక్కువగా పెట్టెల చెక్కకూ, మధ్యప్రదేశ్‌లోని నేపానగర్ మిల్లులో పత్రికల కాగితానికీ వాడుకున్నాం!

ఓడల మీద వచ్చిన పరిమళం

క్రీస్తుకు దాదాపు పదిహేను వందల ఏళ్ళ ముందు ఈజిప్టు రాణి హత్షెప్సుత్, పుంట్ అనే దేశం నుంచి ధూపపు చెట్లను వేళ్ళతో సహా ఓడల మీద తెప్పించింది. ఆ బొమ్మలు దెయిర్ అల్ బహ్రీ గుడి గోడల మీద నేటికీ ఉన్నాయి. రోమన్ల కాలానికి లుబాన్ ఎంతో విలువైన సరుకు. దక్షిణ అరేబియా నుంచి గాజా దాకా ఒంటెల బాటలో 65 మజిలీలు ఉండేవని ప్లినీ లెక్కగట్టాడు.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే సముద్రయాన గ్రంథంలో ఈ లుబాన్ రేవుల వర్ణన ఉంది. గాలి మంచిది కాని ఆ ప్రదేశంలో బంక సేకరించేవారు రాజు బానిసలూ, శిక్ష పడ్డవాళ్ళూ అని రాశాడు. లోకమంతా దేవుళ్ళ ముందు వెలిగిన పరిమళం వెనక ఉన్నది దూరదేశపు కూలి బతుకే! ఇక్కడ నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో పనిచేసిన మనకు ఆ వాక్యం వేరే విధంగా అర్థమవుతుంది.

అదే గ్రంథంలో మన తెలుగు తీరం కూడా ఉండడం విశేషం. 'మసాలియా' అని కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. సింధు నది రేవులో దిగుమతయ్యే సరుకుల్లో లుబాన్ కూడా ఉంది. అంటే మనకు సొంత అందుగు ఉన్నా అరేబియా లుబాన్‌కు ఈ ఉపఖండంలో గిరాకీ ఉండేదన్నమాట. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలానికి మచిలీపట్నం నుంచి హోర్ముజ్ జలసంధిలోని బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచాయి. మన బందరు నుంచి వాళ్ళ బందరుకు వెళ్ళే ఆ ఓడలు మనం సాయంత్రం పూట షికారు వెళ్ళే ఈ ఒమన్ సింధుశాఖ నీళ్ళ మీదుగానే పోయి ఉండాలి. మనమే మొదట ఇటు వచ్చామనుకోవడం పొరపాటు.

ధోఫార్‌లోని లుబాన్ తోటలనూ, పాత రేవులనూ యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

అడవి నుంచి ప్రయోగశాలకు

వైద్య గ్రంథాల్లో ఉన్న శల్లకి ఆధునిక ప్రయోగశాల మెట్లు ఎక్కింది మన దేశంలోనే. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో (ఇప్పుడు దాని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటిగ్రేటివ్ మెడిసిన్) సింగ్, అటల్ అనే శాస్త్రజ్ఞులు ఈ బంక సారాన్ని జంతువుల మీద పరీక్షించి, వాపును తగ్గించే గుణం ఉందని 1986లో ప్రకటించారు.

ఎలా తగ్గిస్తుంది? దెబ్బ తగిలినా, కీలు అరిగినా మన కణాల పొరల్లోంచి అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు పదార్థం విడుదలవుతుంది. అది రెండు దారుల్లో పోతుంది. ఒక దారిలో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. ఆస్పిరిన్ ఈ దారికి అడ్డు కడుతుందని జాన్ వేన్ 1971లో చూపించాడు. రెండో దారిలో ల్యూకోట్రయీన్లు పుడతాయి. వీటి సంగతి తేల్చినవాడు స్వీడన్‌కు చెందిన సామ్యూల్సన్. బెర్గ్‌స్ట్రామ్‌తో కలిసి ఈ ఇద్దరూ 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మామూలు నొప్పి బిళ్ళలు మొదటి దారిని మూస్తాయి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల చిక్కులు వచ్చేది అందుకే. ఆ దారిలోని ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను కాపాడుతుంటాయి మరి.

జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఆమన్ బృందం 1990ల మొదట్లో కనిపెట్టినదేమిటంటే, శల్లకిలోని బోస్వెల్లిక్ ఆమ్లాలు రెండో దారికి కాపలా ఉండే 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయని. వాటిలో ఏకేబీఏ అనేది అన్నిటికన్నా బలమైనది. అయితే మామూలు బంకలో అది కొద్దిపాటిగానే ఉంటుంది. పైగా ఈ ఆమ్లాలు నీళ్ళలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒమనీ ముసలాయన చెప్పిన లుబాన్ నీళ్ళలో సువాసన, జిగురు దిగుతాయి గాని మోకాలికి పనికొచ్చే సరుకు దిగేది స్వల్పమే. ఆయన ఆప్యాయతకు మాత్రం లోటు లేదు.

నాగ్‌పూర్‌లో 30 మంది మోకాళ్ళ అరుగుదల రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. ఎనిమిది వారాలు మందు తీసుకున్నప్పుడు నొప్పి, వాపు తగ్గాయి. నడవగలిగే దూరం పెరిగింది. కాని ఎక్స్‌రేలో మార్పేమీ కనిపించలేదు. అరిగిన ఎముక అరిగినట్టే ఉంది.

మా ఏలూరు దాకా

ఇక మనవాళ్ళ వంతు. విజయవాడలోని లైలా సంస్థ ఈ బంక నుంచి ఏకేబీఏని 30 శాతం దాకా పెంచి '5-లోక్సిన్' అనే సారాన్ని తయారు చేసింది. దాన్ని మనుషుల మీద పరీక్షించింది ఏలూరులోని అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థలో. మనం 'ఆశ్రం' అంటామే, అక్కడ. 75 మంది రోగులను మూడు జట్లు చేశారు. కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 250, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ. 90 రోజుల తర్వాత అసలు మందు తీసుకున్నవారిలో నొప్పి, కదలిక ఎక్కువ మెరుగయ్యాయి. పెద్ద మోతాదు వారిలో మొదటి వారానికే తేడా కనిపించింది. ఫలితాలు 2008లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. నేను మా ఊరి బస్సెక్కిన ఏలూరు పేరును ఆ కాగితాల మీద చూసి నాకు గర్వం కలిగింది.

కాని గర్వంతో కళ్ళు మూసుకోకూడదు. ఆ పరిశోధన రచయితల్లో సరుకు తయారుచేసిన సంస్థ వారు కూడా ఉన్నారు. అంతమాత్రాన ఫలితం అబద్ధమని కాదు. వేరేవాళ్ళు కూడా చూడాలి అని. 2014లో కాక్రేన్ సంస్థ పరీక్షలన్నిటినీ తూకం వేసి, ఇటువంటి శల్లకి సారం వల్ల నూరు పాయింట్ల కొలమానంలో నొప్పి సగటున 17 పాయింట్లు తగ్గిందని రాసింది. ఆ లెక్కకు ఆధారం రెండు చిన్న పరీక్షలు, 85 మంది రోగులు. అంటే సంగతి ఉంది, కాని అద్భుతం లేదు. మూడు రోజుల్లో మాయం చేసే గుణం అసలే లేదు. అన్న పొట్లాల విషయంలో నాకు మొదటే అనుమానం రావలసింది అక్కడే.

కండ సంగతి

మోకాలి నొప్పి కథలో అందరూ మరిచిపోయేది తొడ కండను. నొప్పి వస్తే మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడ ముందు కండ సన్నబడుతుంది. కీలు మీద బరువు ఆపేది ఆ కండే కనుక, అది సన్నబడ్డకొద్దీ నొప్పి ఇంకా పెరుగుతుంది. ఇది గానుగెద్దు తిరుగుడు. మూలిక గాని బిళ్ళ గాని చేయగలిగింది, ఆ తిరుగుడును కాసేపు ఆపి, వ్యాయామం చేసుకునే వెసులుబాటు ఇవ్వడం. కండను పెంచేది మాత్రం పనే.

కండ ఎలా పనిచేస్తుందో లోకానికి చెప్పినవారిలో మన తెలుగువాడొకడు ఉన్నాడని పిల్లలకు చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. 2022లో జిల్లాలు విడిపోకముందు అదీ మా ఏలూరూ ఒకే పశ్చిమ గోదావరి జిల్లా. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించారు. మన మూలికా వైద్యాన్ని దగ్గరగా చూసిన మనిషి. తర్వాత అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనుగొన్నారు. కండ సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం దాంతో కూలిపోయింది. ఆ సిద్ధాంతానికి సంబంధించిన పనికి అప్పటికే నోబెల్ బహుమతి కూడా వచ్చింది! ఇవాళ జిమ్‌కు పోయే మన కుర్రాళ్ళు డబ్బాల్లో కొనుక్కునే క్రియాటిన్ వెనక ఉన్న కథ ఇదే. అది కూడా బరువులెత్తినవాడికే పనిచేస్తుంది, మంచం మీద పడుకుని తాగినవాడికి కాదు.

స్టెరాయిడ్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాపును, నొప్పిని చప్పున అణుస్తుంది. ఎక్కువ కాలం వాడితే కండలోని మాంసకృత్తులను కరిగిస్తుంది. ముందు దెబ్బతినేది తొడలూ భుజాలే. అన్న కింద నుంచి లేవలేకపోయింది అందుకే. పైగా దాన్ని ఒక్కసారిగా మానకూడదు. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని మానేసి ఉంటుంది కనుక ప్రాణం మీదకు వస్తుంది. డాక్టరు ఆయనకు నెలల తరబడి మోతాదు కొద్ది కొద్దిగా తగ్గిస్తూ వచ్చాడు.

ఇది ఏదో మన పల్లెటూరి మోసం మాత్రమే అనుకోకండి. మూలికల మందు పేరుతో అమెరికాలో అమ్ముడైన 'ఆర్ట్రీ కింగ్' అనే కీళ్ళ నొప్పుల బిళ్ళల్లో, లేబులు మీద రాయని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయని అక్కడి ప్రభుత్వ మందుల శాఖ 2022లో పదే పదే హెచ్చరించవలసి వచ్చింది. చెట్టు పేరు చెప్పి రసాయనం అమ్మడం అన్ని దేశాల్లోనూ ఉంది.

నేను నేర్చుకున్నది

అన్న 2000లో ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నేను క్షమించమని అడిగితే, "నువ్వేం జేస్తవు తమ్మీ, నేనే గద తెమ్మన్నది" అన్నారు. అది ఆయన పెద్ద మనసు. రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, తర్వాత ఇరవైసార్లు, ఆపైన చెరువు గట్టు దాకా నడక. ఏడాది తిరిగేసరికి బతుకమ్మ పండుగ నాడు కింద కూర్చుని భోంచేసి తానే లేచానని ఫోనులో చెప్పారు. ఆ ఫోను బూతులో నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు నా మోకాళ్ళూ మొరాయిస్తున్నాయి. డాక్టరును అడిగి, లేబులు ఉన్న శల్లకి బిళ్ళను మూడు నెలలు వాడి చూశాను. భోజనంతో వేసుకుంటే మేలు, నూనె నెయ్యి తగిలితేనే అది ఒంటబడుతుంది. కొంత ఉపశమనం కలిగిన మాట నిజం. ఆ ఉపశమనాన్ని కార్నిష్‌లో సముద్రం పక్కన పొద్దున్నే నడవడానికి ఖర్చు పెట్టాను. నాకు మేలు చేసింది బిళ్ళా, నడకా అంటే నడకకే ఎక్కువ మార్కులు వేస్తాను. రక్తం పలచబడే మందులు వాడేవారూ, కడుపులో మంట ఉన్నవారూ వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోవద్దు.

సోదరులారా, సెలవు మీద వెళ్ళివచ్చేటప్పుడు మీ చేత ఎవరైనా లేబులు లేని పొట్లాలు తెప్పించుకుంటే మొహమాటపడకుండా కాదనండి. అందులో ఏముందో తెలియనప్పుడు ప్రేమతో తెచ్చినదైనా విషమే కావచ్చు. సాంబ్రాణిని దేవుడి ముందు వెలిగించండి, పాపాయి తలంటాక మరీ దగ్గరగా కాకుండా కాస్త పొగ చూపండి. మోకాళ్ళకు మాత్రం మోకాళ్ళ వైద్యమే చేయించుకోండి.

వేల ఏళ్ళుగా ఒక చెట్టు పాలచుక్క ఈ తీరాన్నీ ఆ తీరాన్నీ కలిపింది. ఆ దారిన వచ్చినవాళ్ళమే మనమూను. వచ్చినట్టే సత్తువతో, సొంత కాళ్ళ మీద అందరం ఇళ్ళకు చేరుకోవాలని కోరుకుంటూ, మీకూ మీ కుటుంబాలకూ ఉగాది శుభాకాంక్షలు.